మట్టి పొట్లంలో దొరికిన మందు

నిరుడు ఎండాకాలం సంగతి. లంగా నాడా కట్టుకునే చోట, నడుముకు ఎడమ పక్కన రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ లేచింది. చుట్టూ అంచు కట్టినట్టు, మధ్యలో తేటగా, గుండ్రంగా ఉంది. దురద అంటే మామూలు దురద కాదు. నలుగురిలో ఉన్నప్పుడు గోక్కోలేను, రాత్రి పడుకుంటే గోక్కోకుండా ఉండలేను. జగిత్యాల ఎండలు మీకు తెలియనివి కావు. వంటింట్లో పొయ్యి ముందు నిలబడితే చీర కుచ్చిళ్ళ దగ్గర చెమట ఊటలా ఊరుతుంది. చెమటకాయేమోలే అనుకుని వారం ఊరుకున్నాను. వారానికి ఒకటి మూడైంది.

ఎవరికి చెప్పుకోవాలి? మోకాలి నొప్పి అయితే అత్తమ్మకు చెప్పొచ్చు, జ్వరం వస్తే మా ఆయనకు చెప్పొచ్చు. నడుము కింద దురద అని ఎవరితో అంటాం? కూరగాయలకు పోయినప్పుడు ఒక మందుల షాపులో అడిగితే, ఏం, ఎక్కడ అని కూడా అడక్కుండా ఒక ట్యూబు చేతిలో పెట్టారు. పూసిన రెండో రోజుకే దురద పోయింది. ఎంత మంచి మందో అనుకున్నాను. ట్యూబు అయిపోయిన వారానికి మచ్చలు మళ్ళీ వచ్చాయి, ఈసారి అరచేయంత. మళ్ళీ ట్యూబు, మళ్ళీ మచ్చలు. శ్రావణం నాటికి అది నా కూతురి మెడ దగ్గర కూడా కనిపించింది. నా తువ్వాలే కదా అది వాడేది!

కోరుట్లలో మా ఆడబిడ్డ బీడీలు చుడుతుంది. పొద్దంతా ఒళ్ళో చేట పెట్టుకుని, కదలకుండా కూర్చుని చేసే పని. ఫోనులో మాటల మధ్య ఈ సంగతి దొర్లితే, తనకు రెండేళ్ళ నుంచీ ఉందనీ, తను వాడేదీ అదే ట్యూబనీ చెప్పింది. సిరిసిల్లలో మా చిన్నమ్మ వాళ్ళ ఇంటి వెనకే సాంచాల షెడ్డు. అక్కడ పనిచేసే మగవాళ్ళకూ, వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళకూ ఇదే గోడు అని చిన్నమ్మ అంది. మూడు ఊళ్ళు, ఒకటే తామర, ఒకటే ట్యూబు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు, అంతే.

చివరికి సిగ్గు పక్కనపెట్టి కరీంనగర్‌లో చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆవిడ ముందు నా ట్యూబు చూసింది. అందులో ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కూడా ఉందట. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణిచేస్తుంది కానీ, ఆ చోట చర్మానికి ఉండే రక్షణను కూడా అణిచేస్తుంది. పైకి చల్లబడ్డట్టు కనిపిస్తుంది, లోపల తామర హాయిగా పాకిపోతుంది. ఎక్కువ రోజులు పూస్తే చర్మం పల్చబడి చారలు కూడా పడతాయట. తర్వాత ఒక చిన్న బ్లేడుతో మచ్చ అంచు మీద పొట్టు గీకి, గాజు పలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేయించింది. కాసేపటికి ల్యాబు అమ్మాయి నన్ను పిలిచి సూక్ష్మదర్శినిలో చూడమంది. కొమ్మలు వేసిన సన్నటి దారాలు. నా నడుము మీద నెలల తరబడి కాపురం చేస్తున్నది అదన్నమాట!

ఫంగస్ మందులన్నీ ఒకటి కావనీ, ఒక రకాన్ని చంపే మందు ఇంకో రకాన్ని తాకనైనా తాకదనీ, ఏ మందు దేన్ని ఆపుతుందో ల్యాబులో తేల్చుకోవాల్సిందేననీ డాక్టరమ్మ చెప్పింది. అలా పరీక్షలు పెట్టి, మనుషులు భయం లేకుండా వాడగలిగిన మొదటి ఫంగస్ యాంటీబయోటిక్‌ను కనిపెట్టింది ఇద్దరు ఆడవాళ్ళేనని కూడా మాట వరసకు అంది. కథలు రాసుకునేదాన్ని, ఆ మాట విని ఊరుకోగలనా? ఇంటికి వచ్చాక దొరికిందల్లా చదివాను. ఆ ఇద్దరిలో పెద్దావిడ ఎలిజబెత్ లీ హేజెన్. ఆమె కథే ఇది.

పత్తి చేల పిల్ల

అమెరికా దక్షిణాన మిసిసిపీ రాష్ట్రంలో రిచ్ అనే చిన్న పల్లె. పేరుకు రిచ్ కానీ, చుట్టూ పత్తి చేలు, బురద దారులు. అక్కడ పత్తి పండించుకునే ఇంట్లో 1885 ఆగస్టు 24న ఎలిజబెత్ పుట్టింది. నాలుగేళ్ళు నిండకుండానే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అక్కచెల్లెళ్ళను దగ్గరలోని లూలా అనే ఊళ్ళో ఉన్న బాబాయి, పిన్ని తెచ్చుకుని పెంచారు. తల్లిదండ్రులు లేని ఆడపిల్లలు బంధువుల ఇంట్లో పెరగడం ఎలా ఉంటుందో మనకు తెలుసు. తిండి పెడతారు, పని నేర్పుతారు, పెళ్ళి చేసి పంపేస్తారు. ఈ బాబాయీ పిన్నీ మాత్రం చదువు చెప్పించారు.

అదే రాష్ట్రంలోని కొలంబస్ పట్నంలో ఆడపిల్లల కోసం ఒక ప్రభుత్వ కాలేజీ ఉండేది. ఆడవాళ్ళ కోసం ఒక రాష్ట్ర ప్రభుత్వం తన డబ్బుతో నడిపిన కాలేజీల్లో అమెరికా మొత్తానికి అదే మొదటిది. 1884లో పెట్టారు. ఎలిజబెత్ అక్కడ చేరి 1910లో సైన్సు డిగ్రీ తీసుకుంది. అప్పటికి ఆమెకు పాతికేళ్ళు. తర్వాత జాక్సన్‌లో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం, భౌతికశాస్త్రం పాఠాలు చెప్పింది. ఆ రోజుల్లో చదువుకున్న ఆడదానికి దొరికే మర్యాదైన ఉద్యోగం పంతులమ్మే. చాలామంది అక్కడితో ఆగిపోయేవాళ్ళు. ఈమె ఎండాకాలం సెలవుల్లో వేరే రాష్ట్రాల విశ్వవిద్యాలయాలకు పోయి కొంచెం కొంచెంగా చదువు కొనసాగించింది.

ముప్ఫై దాటాక ఉద్యోగం వదిలి న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయింది. 1917లో బాక్టీరియా శాస్త్రంలో ఎమ్మే పట్టా వచ్చింది. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం. సైనిక శిబిరాల్లో రోగ నిర్ధారణ ల్యాబుల్లో పనిచేసింది. యుద్ధం అయ్యాక వెస్ట్ వర్జీనియాలో ఒక ఆసుపత్రి ల్యాబులో 1923 దాకా ఉంది. ఆ తర్వాత మళ్ళీ కొలంబియాకు తిరిగి వచ్చి 1927లో డాక్టరేట్ పూర్తి చేసింది. అప్పటికి ఆమె వయసు నలభై రెండు.

ఇక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. నాకిప్పుడు ముప్ఫై ఎనిమిది. డిగ్రీ చేసి, పెళ్ళయి, పిల్లల్ని పెంచి, ఇక ఏం నేర్చుకుంటాంలే అని నేను అనుకునే ఈ వయసులోనే ఆమె పుస్తకాల సంచీ సర్దుకుని మళ్ళీ కాలేజీ మెట్లెక్కింది.

రోగం ఎక్కడ నుంచి వచ్చిందో

1931లో ఆమెకు న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖ ల్యాబుల విభాగంలో ఉద్యోగం వచ్చింది. న్యూయార్క్ నగరంలోని ల్యాబులో బాక్టీరియా పరీక్షలు చూసే బాధ్యత. డాక్టర్లు పంపే నమూనాలు చూసి ఇది ఫలానా రోగం అని చెప్పడమే కాదు, అది ఎక్కడ నుంచి వచ్చిందో వెతకడం కూడా ఆమె పనే. ఒకచోట ఆంత్రాక్స్ వస్తే, దాని మూలం ఒక బ్రష్షుల ఫ్యాక్టరీలో ఉందని పట్టుకుంది. దిగుమతి అయిన డబ్బాల్లోని సముద్రపు తిండి విషమైతే, ఆ విషానికి కారణమైన క్రిమి ఏ రకమో తేల్చింది. అంటు ఎక్కడ మొదలైందో తెలియకుండా అంటును ఆపలేమన్నది ఆమె పనిలోనే ఉంది.

1944లో ఆ విభాగం అధిపతి ఆగస్టస్ వాడ్స్‌వర్త్ ఆమెకు కొత్త పని అప్పగించాడు. మనుషులకు రోగం తెచ్చే ఫంగస్‌ల సంగతి చూడమన్నాడు. అప్పటికి ఆమెకు యాభై తొమ్మిది దగ్గర పడుతున్నాయి. మనవైపు అయితే రిటైర్మెంటు లెక్కలు వేసుకునే వయసు. ఆమె మాత్రం కొలంబియాలో ఫంగస్‌ల మీద పేరున్న రోడా బెన్హామ్ దగ్గరికి పోయి విద్యార్థిలా పాఠాలు నేర్చుకుంది. రోగుల నుంచి వచ్చిన ఫంగస్‌లను ఒక్కొక్కటే పెంచి, పేరు రాసి, జాగ్రత్త చేసింది. తెలియని నమూనా ఏదైనా వస్తే పక్కన పెట్టి పోల్చి చూసుకోవడానికి.

మంచి మందు తెచ్చిన చిక్కు

ఫంగస్ అంటే మనకు కొత్తేం కాదు. వానాకాలం తోలు చెప్పుల మీద పట్టే బూజు, ఊరగాయ జాడీలో తెల్లగా తేలేది అన్నీ ఆ కుటుంబమే. అందులో ఈస్ట్ అనేది ఒక రకం, దారాల్లా కాక విడివిడి గుళ్ళలా ఉంటుంది. మన ఊళ్ళల్లో ఈత కల్లు పులిసేది ఈస్ట్‌తోనే. అన్నీ చెడ్డవి కావు. కాండిడా ఆల్బికాన్స్ అనే ఈస్ట్ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నోట్లో, పేగుల్లో, ఆడవాళ్ళ మర్మాంగంలో కూడా మామూలుగానే ఉంటుంది. చుట్టూ ఉండే బాక్టీరియా దాన్ని పెరగనివ్వదు కాబట్టి అణిగి ఉంటుంది.

1940 దశకంలో పెన్సిలిన్ వచ్చింది. 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. ఈ ఆరియోమైసిన్ దగ్గర మనవాడి పేరు చెప్పుకోవాలి. దాన్ని ఒక మట్టి నమూనాలోంచి పట్టుకున్నది బెంజమిన్ డుగ్గర్ అయినా, ఆ పని జరిగిన లెడర్లీ ల్యాబులో పరిశోధనలన్నిటికీ పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. ఈ మందులు లక్షల ప్రాణాలు కాపాడాయి. కానీ ఒక చిక్కు వచ్చింది. రోగం తెచ్చే బాక్టీరియాతో పాటు కాపలా కాసే బాక్టీరియా కూడా చచ్చిపోతే, అణిగి ఉన్న ఈస్ట్ లేచి కూర్చుంటుంది. నోట్లో పాలమీగడలా తెల్లపూత, పేగుల్లో బాధ, ఆడవాళ్ళకు పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, ఓర్చుకోలేని దురద. దానికి వేయడానికి మంచి మందు లేదు. ఉన్నవాటిలో ఫంగస్‌ను చంపేవి మనిషినీ వదలవు.

ఇది పెద్ద చిక్కు ఎందుకంటే, ఫంగస్ కణం బాక్టీరియా కణంలా కాదు, మన కణానికి దగ్గర చుట్టం. దాన్ని చంపే విషం మననూ చంపుతుంది. దానికి విషమై, మనకు మందయ్యేది కావాలి. అలాంటిది ఉందో లేదో కూడా అప్పటికి ఎవరికీ తెలియదు.

పోస్టులో నడిచిన పరీక్షలు

మట్టిలో కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. చోటు కోసం, తిండి కోసం అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. ఒకటి ఇంకొకదాన్ని ఆపడానికి ఏదో ఒక రసం వదులుతుంది. ఫంగస్‌ను ఆపే రసం వదిలే సూక్ష్మజీవి మట్టిలో ఎక్కడో ఉండే ఉండాలని ఎలిజబెత్ అనుకుంది. రసంలోంచి అసలు మందును విడదీయాలంటే మాత్రం రసాయన శాస్త్రం తెలిసిన మనిషి కావాలి. 1948లో కొత్త అధిపతి గిల్బర్ట్ డాల్డార్ఫ్ ఆమెను రేచల్ ఫుల్లర్ బ్రౌన్‌కు పరిచయం చేశాడు. రేచల్ అదే ఆరోగ్య శాఖలో, కానీ ఆల్బనీలోని ల్యాబులో పనిచేసేది. ఎలిజబెత్ కంటే పదమూడేళ్ళు చిన్నది. తండ్రి వదిలేసి పోతే తల్లి ఉద్యోగం చేసి పెంచిన బిడ్డ. కుటుంబానికి తెలిసిన ఒక పెద్దావిడ ఫీజు కడితే కాలేజీలో చదువుకుంది.

న్యూయార్క్ నగరానికీ ఆల్బనీకీ మధ్య దూరం దాదాపు 240 కిలోమీటర్లు. మన జగిత్యాల నుంచి హైదరాబాదుకు పోయి, ఇంకా కొంచెం ముందుకు పోయినంత. రోజూ కలిసి పనిచేసే వీలు లేదు. వాళ్ళిద్దరినీ కలిపింది పోస్టాఫీసు.

పని ఇలా నడిచేది. ఎలిజబెత్ ఎక్కడెక్కడి మట్టో తెప్పించుకునేది. ఎవరు ఊరికి పోయినా ఒక పొట్లం మట్టి తెమ్మనేది. ఆ మట్టిలోని సూక్ష్మజీవులను పెంచి, ఒక్కొక్కదాన్నీ విడదీసి, రెండు ఫంగస్‌ల మీద పరీక్ష పెట్టేది. ఒకటి ఇందాక చెప్పుకున్న కాండిడా. రెండోది క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్, పావురాల రెట్టలో ఉండేది. గాలితో ఊపిరితిత్తుల్లోకి పోయి, కొందరిలో మెదడు పొరల దాకా పాకి ప్రాణం తీస్తుంది. మట్టి జీవి పక్కన ఫంగస్ మామూలుగా పెరిగితే ఆ నమూనా పక్కకు పోయేది. పెరుగుదల ఆగితే దాన్ని మూత గట్టిగా బిగించిన గాజు సీసాలో పెట్టి ఆల్బనీకి పోస్టు చేసేది. అమెరికా ఇల్లాళ్ళు పళ్ళూ ఊరగాయలూ నిలవ చేసుకునే సీసాలు అవి. మన ఆవకాయ జాడీల్లాంటివే అనుకోండి.

ఆల్బనీలో రేచల్ ఆ సీసాలోని రసాన్ని రకరకాల ద్రవాలతో కడిగి, వడగట్టి, పనిచేసే పదార్థాన్ని విడదీసి మళ్ళీ న్యూయార్క్‌కు పోస్టు చేసేది. ఎలిజబెత్ దాన్ని మళ్ళీ అవే రెండు ఫంగస్‌ల మీద పరీక్షించేది. ఇంకా పనిచేస్తుంటే అప్పుడు ఎలుకల మీద వాడి చూడాలి. అక్కడే దాదాపు అన్నీ తప్పేవి. ఫంగస్ చచ్చేది, ఎలుకా చచ్చేది. సీసా కడిగి, మళ్ళీ కొత్త మట్టి. ఇంట్లో దోసె పిండి ఒకసారి సరిగ్గా పులియకపోతేనే విసుక్కుంటాం. వాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పారబోసుకుంటూ, ప్రతిదానికీ లెక్క రాసుకుంటూ పోయారు.

స్నేహితుల పెరటి మట్టి

ఎలిజబెత్‌కు వర్జీనియాలో నూర్స్ అనే కుటుంబంతో స్నేహం. వాళ్ళకు పాడి పశువులు ఉండేవి. 1948లో సెలవులకు అక్కడికి పోయింది. సెలవుల్లో కూడా ఈమెకు మట్టి ధ్యాసే. వాళ్ళ పశువులు మేసే బీడు అంచున కొంచెం మట్టి తీసి పొట్లం కట్టుకుని వచ్చింది. ఆ పొట్లంలోంచి పెరిగిన ఒక సూక్ష్మజీవి, అంతకుముందు ఎవరూ చూడనిది, రెండు ఫంగస్‌లనూ ఆపేసింది. ఆ స్నేహితుల ఇంటి పేరు మీదే దానికి స్ట్రెప్టోమైసిస్ నూర్సీ అని పేరు పెట్టారు.

రేచల్ ఆ రసంలో ఒకటి కాదు, రెండు పదార్థాలు ఉన్నాయని తేల్చింది. ఒకటి ఎలుకలను చంపేది. దాన్ని పక్కన పెట్టారు. రెండోది లేత పసుపు పొడి, ఫంగస్‌ను చంపుతుంది, ఎలుక బాగానే ఉంటుంది. అది ఎందుకలా చేస్తుందో తర్వాతి కాలంలో తెలిసింది. ఫంగస్ కణం పైపొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు ఉంటుంది. మన కణాల్లో దాని బదులు కొలెస్టరాల్ ఉంటుంది. ఈ మందు ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుని పొరకు చిల్లులు పొడుస్తుంది. లోపలిదంతా కారిపోయి ఫంగస్ చస్తుంది. పైగా మింగితే పేగుల్లోంచి రక్తంలోకి దాదాపు పోదు కాబట్టి నోటికీ, పేగులకూ నిశ్చింతగా వాడొచ్చు.

1950లో శాస్త్రవేత్తల సభలో ఆ ఇద్దరూ ఈ సంగతి ప్రకటించారు. మొదట ఫంగిసిడిన్ అన్నారు. తర్వాత తమకు జీతమిచ్చిన న్యూయార్క్ స్టేట్ పేరు కలిసి వచ్చేలా నిస్టాటిన్ అని మార్చారు. మందుకు తమ పేర్లు పెట్టుకోలేదు. అప్పటికి ఎలిజబెత్‌కు అరవై అయిదేళ్ళు.

కోటి డాలర్లు వచ్చినా

స్క్విబ్ కంపెనీ ఆ మందును తయారుచేసే పని తీసుకుంది. 1954లో మాత్రలు బజారులోకి వచ్చాయి. 1957లో పేటెంట్ చేతికొచ్చింది. దాని మీద రాయల్టీ 1 కోటి 30 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. ఇద్దరూ ప్రభుత్వ జీతం మీద బతికిన వాళ్ళే. ఎలిజబెత్ పెళ్ళి చేసుకోలేదు. ముసలితనంలో చూసుకోవడానికి పిల్లలు లేరు. అయినా ఒక్క డాలరు కూడా సొంతానికి తీసుకోలేదు. రీసెర్చ్ కార్పొరేషన్ అనే సంస్థ ద్వారా ఆ డబ్బంతా సైన్సు పరిశోధనలకే రాసిచ్చారు. అందులో సగం బ్రౌన్-హేజెన్ నిధి అయింది. మనుషులకు వచ్చే ఫంగస్ రోగాల మీద ఎంతోమంది చదువుకోవడానికి, పరిశోధించడానికి ఆ నిధి ఆసరా అయింది.

1966లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరాన్ని వరద ముంచెత్తి, వందల ఏళ్ళనాటి చిత్రాల మీద బూజు పట్టినప్పుడు దాన్ని ఆపడానికి కూడా నిస్టాటిన్ వాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో నిస్టాటిన్ ఇప్పటికీ ఉంది. వీళ్ళు చూపిన దారిలోనే తర్వాత దక్షిణ అమెరికాలోని ఒరినోకో నది ఒడ్డు మట్టిలోంచి ఆంఫోటెరిసిన్ వచ్చింది. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు మనవాళ్ళు ఊరూరా వెతుక్కున్న ఇంజెక్షన్ అదే. మన దేశంలో పుణె దగ్గర పింప్రిలో, హిందుస్థాన్ యాంటీబయోటిక్స్‌లో ఎం.జె. తిరుమలాచార్ బృందం 1960 దశకంలో హామైసిన్ అనే ఫంగస్ మందును అలా మట్టిలోంచే తీసింది.

తామర మాత్రం లొంగలేదు

ఇంత చదివాక నాకో ఆశ పుట్టింది. నా తామరకు నిస్టాటిన్ పూస్తే సరి అనుకుని తర్వాతి సారి డాక్టరమ్మను అడిగాను. ఆవిడ నవ్వింది. నిస్టాటిన్ ఈస్ట్‌కు పనిచేస్తుంది కానీ తామరకు పనికిరాదట. తామర ఫంగస్ వేరే రకం. చర్మం పై పొట్టునూ, గోళ్ళనూ, వెంట్రుకలనూ తిని బతుకుతుంది. దాని కోసం గ్రిసియోఫుల్విన్ అనే ఇంకో మందు రావాల్సి వచ్చింది. దాన్ని 1939లోనే కనిపెట్టినా, నోటి ద్వారా ఇస్తే తామర తగ్గుతుందని గినీ పందుల మీద పరీక్ష పెట్టి తేల్చింది 1958లో. పంతొమ్మిదేళ్ళు ఆ మందు చేతిలోనే ఉంది, సరైన పరీక్ష లేక మనుషులకు అందలేదు!

ఆ తర్వాత క్లోట్రిమాజోల్, టెర్బినాఫిన్ లాంటివి చాలా వచ్చాయి. కొన్నేళ్ళుగా మన దేశంలో తామర మొండికేసింది. టెర్బినాఫిన్‌కు లొంగని ఒక రకానికి 2020లో మన దేశం పేరు కలిసేలా ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు కూడా పెట్టారు. స్టెరాయిడ్ కలిపిన ట్యూబులు ఇష్టం వచ్చినట్టు పూసుకోవడం ఈ తామర ఇంతగా పాకడానికి ఒక కారణమని చర్మం డాక్టర్లు మొత్తుకుంటున్నారు.

ఏ మందు ఎంత మోతాదులో పనిచేస్తుందో పెద్ద ల్యాబుల్లో ఇప్పుడెలా చూస్తారో కూడా అడిగి తెలుసుకున్నాను. అరచేయంత ప్లాస్టిక్ పళ్ళెంలో 96 చిన్న గుంటలు ఉంటాయి. చిక్కటి మజ్జిగలో సగానికి సగం నీళ్ళు కలిపి, అందులోంచి మళ్ళీ సగం తీసి ఇంకో గిన్నెలో సగం నీళ్ళు కలిపితే ఒక్కో గిన్నెకూ పల్చబడుతూ పోతుంది కదా. అలాగే వరసలో ఒక్కో గుంటకూ మందు సగం తగ్గుతూ పోతుంది. అన్నిటిలోనూ రోగి నుంచి తీసి పెంచిన ఫంగస్‌ను ఒకే కొలతలో వేస్తారు. కాండిడా లాంటి ఈస్ట్ అయితే ఒకటి రెండు రోజుల్లో, తామర అయితే నాలుగైదు రోజులకు తీసి చూస్తారు. ఎంత తక్కువ మందు ఉన్న గుంట దాకా ఫంగస్ పెరగకుండా ఆగిందో అదే లెక్క. అన్ని గుంటల్లోనూ పెరిగిందంటే ఆ మందు దానికి దండగ. ఎలిజబెత్ కాలం నాటి సామాన్లు మారాయి, ఆమె ప్రతి సీసానూ అడిగిన ప్రశ్న మాత్రం మారలేదు.

చివరి దాకా ల్యాబులోనే

1955లో ఎలిజబెత్, ఫ్రాంక్ కర్టిస్ రీడ్‌తో కలిసి, రోగం తెచ్చే ఫంగస్‌లను ల్యాబులో సులువుగా గుర్తుపట్టడం ఎలాగో చెప్పే పుస్తకం రాసింది. రేచల్‌తో కలిసి ఇంకో రెండు యాంటీబయోటిక్‌లు కూడా కనిపెట్టింది. 1960లో ఉద్యోగం నుంచి దిగిపోయింది కానీ ఇంట్లో కూర్చోలేదు. తను చదువుకున్న కొలంబియా ఫంగస్ ల్యాబుకే అతిథిగా పోయి 1973 దాకా పనిచేసింది. అప్పటికి ఎనభై ఎనిమిదేళ్ళు. ఆ ఏడాది సియాటిల్‌లో జబ్బుపడ్డ అక్కను చూడడానికి పోయి, తనూ ఆరోగ్యం చెడి అక్కడే ఉండిపోయింది. తల్లీ తండ్రీ లేక ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరూ చివరికి మళ్ళీ ఒకే ఊళ్ళో చేరారు. 1975 జూన్ 24న ఎలిజబెత్ కన్నుమూసింది. ఆ ఏడాదే అమెరికా రసాయన శాస్త్రవేత్తల సంస్థ, ఆడవాళ్ళకు అంతవరకూ ఇవ్వని ఒక పురస్కారాన్ని వాళ్ళిద్దరికీ కలిపి ఇచ్చింది. రేచల్ 1980లో పోయింది. 1994లో అమెరికా ఆవిష్కర్తల గౌరవ మందిరంలో ఇద్దరి పేర్లూ ఒకేసారి చేర్చారు.

నా సంగతి చెప్పనేలేదు కదూ. స్టెరాయిడ్ ట్యూబు మానేశాక మొదటి పది రోజులు నరకం చూశాను. మానితే కొన్నాళ్ళు ఎక్కువవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి ఓర్చుకున్నాను. దురద పోయినా, మచ్చలు మాయమైనా, మళ్ళీ పొట్టు గీకి చూసి ఆవిడ చాలు అనేదాకా మందు ఆపలేదు. నాకూ నా కూతురికీ వేరు వేరు తువ్వాళ్ళు, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యడం, నాడా వదులుగా కట్టుకోవడం. మూడు నెలలు పట్టింది.

పోయిన నెల కోరుట్ల పోయినప్పుడు మా ఆడబిడ్డ చేట పక్కన ఆ ట్యూబే కనిపించింది. ఎలిజబెత్ కథ మొత్తం ఆమెకు చెప్పాను, బీడీలు చుడుతూనే వింది. మట్టిని పోస్టులో పంపుకున్నారంటే నవ్వింది. డబ్బు వద్దన్నారంటే చెయ్యి ఆపి నా మొహం చూసింది. రోజుకు ఇన్ని బీడీలు అని లెక్క చూసుకునే మనిషి, ఒక రోజు పని పోతుందని ముందు గునిసింది. చివరికి వచ్చే సోమవారం నాతో పాటు కరీంనగర్ వస్తానంది. సిరిసిల్ల చిన్నమ్మ కూడా వస్తానంటోంది. ఆమె సంగతి మాత్రం ఇంకా ఇంట్లో ఎవరికీ తెలియదు. బస్సులో ముగ్గురం కలిసి పోతాం.